గురువారం నత్రజని

తుర్కు ఊళ్ళో నది గడ్డకట్టిన పొద్దున
హెల్కా మందపాటి చేతొడుగులు వేసుకుని
ఆసుపత్రి నేలమాళిగలోకి దిగింది.
ఇరవై రెండేళ్ళుగా ప్రతి గురువారం ఇదే పని.
పీపా మూత ఎత్తడం,
కొలబద్ద ముంచి తీయడం,
మంచు పట్టినంత మేర లోతు చూసుకుని
తగ్గింది పొయ్యడం.
తెల్లటి పొగ అంచు దాటి పొర్లి
ఆమె బూట్ల మీద పడి మాయమవుతుంది.
లోపల మైనస్ నూట తొంభై ఆరు.
బయట మైనస్ పద్దెనిమిది.
"ఇవాళ కాస్త వెచ్చగానే ఉంది" అంటుంది పైకొచ్చి.
ఎవరూ నవ్వరు.

మూడో పీపా, నాలుగో అర, నీలం మూత సీసా.
అందులో ఆవగింజంత ముక్క,
ఒక ఏడేళ్ళ పిల్లాడిది.
నెత్తురు జబ్బుకి మందు ఎక్కించే ముందు
డాక్టర్లు వివరించారు, తల్లి సంతకం పెట్టింది,
పిల్లాడు ఒక్కటే అడిగాడు:
"నొప్పెడుతుందా?"

ఆ పిల్లాడికి ఇప్పుడు ఇరవయ్యారు.
పేరు ఓత్సో.
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి
టికెట్టు లేని చిన్న పడవ నడుపుతాడు.
ఇవాళ మంచుకి పడవ ఆగిపోయింది,
అందుకే రాగలిగాడు.
అప్పటి మందు జబ్బుని పట్టుకుపోతూ
చేతికందిన మరొకటి కూడా పట్టుకుపోయింది.
పరీక్ష కాగితం మీద సున్నా.
పెన్సిల్‌తో, చాలా గుండ్రంగా.

నా భాషలో గొడ్రాలు అనే మాట ఉంది.
దానికి పుంలింగం వెతికాను,
దొరకలేదు.
ఓత్సో తన భాషలో ఏ మాటా వాడలేదు.
"నాది ఇంకా ఉందా?" అన్నాడంతే,
షెడ్డులో వదిలిన పాత సైకిల్ గురించి అడిగినట్టు.

ఉంది, అంది హెల్కా. పైకి తీసుకెళ్ళింది.
పై అంతస్తులో మైలిస్ ఎలుక కణజాలాన్ని పెంచుతోంది,
జెల్లీ దిమ్మె మీద, కింద నుంచి తడి పీల్చేలా.
సూక్ష్మదర్శినిలో విడదీసిన నాళికలు
నీళ్ళలో వదిలిన సేమియా పోగులు.
వెలుగు అడుగు నుంచి పడితే
ఒకచోట లేత, ఒకచోట నలుపు.
నలుపున్నచోట తలలు గట్టిపడుతున్నాయట.

"మనిషిలో డెబ్బై నాలుగు రోజులు, కాస్త అటూ ఇటూ.
మొదట ఉత్త గుండ్రం, ఏ కణమో పోల్చుకోలేనంత.
వారసత్వంలో సగం చాలనుకుంటుంది.
ఆ సగాన్నీ మడుస్తుంది, మళ్ళీ మడుస్తుంది,
అగ్గిపెట్టెలో పట్టే చీరంత అయ్యేదాకా.
సామానంతా పక్కనున్న దాది కణం ఒళ్ళో పడేసి
తోకతో బయల్దేరుతుంది."
మరి ఆ దాది?
"వదిలేసిందంతా మింగుతుంది.
తర్వాతి దాన్ని చూసుకుంటుంది."

ఓత్సో కంటిగొట్టానికి కనురెప్ప ఆనించి
చాలాసేపు వంగే ఉన్నాడు.
"కదలడం లేదే."
"ఇక్కడ వాటికి ఈత రాదు.
అది తర్వాత, వేరే చోట నేర్చుకుంటాయి."
"నాకూ రాదు" అన్నాడు పడవ నడిపేవాడు.
హెల్కా నవ్వింది,
ఆ అంతస్తులో ఎవరూ వినని నవ్వు,
గిన్నె జారిపడ్డట్టు.

తర్వాత అడగాల్సింది అడిగాడు.
మైలిస్ కుర్చీ దగ్గరికి లాక్కుంది.
"ఎలుకల్లో అయింది. కోతుల్లో ఆశ కనిపించింది.
మనిషి దగ్గర ఇంకా గుమ్మంలోనే ఉన్నాం.
ఏడాదో, పదేళ్ళో చెబితే
నీకు నచ్చే అబద్ధమవుతుంది."
అతను తలూపాడు.
టోపీ పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.
"పడవ కూడా అంతే" అన్నాడు,
"మంచు ఎప్పుడు వదులుతుందని జనం నన్నే అడుగుతారు."

ఏప్రిల్‌లో నీళ్ళు వదిలాయి.
మే నెలతో హెల్కా ఉద్యోగం అయిపోతుంది.
కొత్తగా చేరిన కుర్రాడు
మూడో పీపా మీద వంగి
పొగ ఊదుకుంటూ ఆడుతుంటే
వీపు మీద ఒకటి చరిచింది.
కొలబద్ద చేతికిచ్చి
బొటనవేలి గోరుతో ఒక గీత చూపించింది:
దీని కిందికి రానివ్వకు.